మీట నొక్కితే మోత ఆగుతుంది

"ముందా గోల ఆపమ్మా తల్లీ, తర్వాత తీరిగ్గా చూద్దాం!"

కంట్రోల్ రూములో అలారం మోగినప్పుడల్లా షిఫ్టు ఇన్‌చార్జి పాడే పాట ఇదే. పాడేది ఆయన, మీట నొక్కేది తెర ముందు కూర్చునే ఆపరేటరు, ఆమె. నొక్కగానే మోత ఆగుతుంది, తెరమీద ఆరుతూ వెలుగుతూ కంగారుపెట్టే ఎర్రదీపం నిలకడగా వెలుగుతుంది. ఎవరో చూశారని దానర్థం, అంతే. బాగుచేశారని కాదు. ఇల్లలకగానే పండగా? ఒకరు లేచి ప్లాంటులోకి వెళ్ళి, ఆ పంపునో వాల్వునో కళ్ళారా చూసి రావాలి. ఎవరు లేస్తారు? చెవులకి హాయి దొరికాక కాళ్ళకెందుకు శ్రమ! ఆమెకీ అది అలవాటైపోయింది.

ఇంట్లో మాత్రం వేరే బతుకా? రొమ్ములో గడ్డ తగులుతోందని మొగుడికి మొదటిసారి చెప్పినప్పుడు ఆయన ఫోన్లోంచి తలెత్తకుండా "ఊఁ" అన్నాడు. రెండోసారి "ఊఁ, చూద్దాంలే" అన్నాడు. మూడోసారి ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తూ చెప్పింది. "ఊఁ, కాలర్ దగ్గర ఇంకాస్త రుద్దు" అన్నాడు. అత్తగారైతే "ఆడపుట్టుక పుట్టాక ఏదో ఒక నొప్పి ఉండకపోతుందా? ముందు పొయ్యిమీద పాలు చూడు" అంది. చెప్పేశాను కదా, విన్నారు కదా అని ఈ పిచ్చిది స్థిమితపడింది. పాలు పొంగకుండా చూసుకుంది.

నిన్న డాక్టరమ్మ రిపోర్టు చూసి, "ఇంత ముదిరేదాకా ఏం చేస్తున్నారమ్మా?" అని అడిగింది. ఆమె నోరు తెరిచేలోపే మొగుడు అందుకున్నాడు.

"నాకొక్క ముక్క చెప్పలేదండీ ఈవిడ!"

అబద్ధమైనా బాగుండేది. ఆయనకి నిజంగానే గుర్తులేదు. ఆమెకి ఏడుపు కూడా రాలేదు.

ఈ పొద్దున మళ్ళీ అలారం మోగింది. రెండో పంపు వేడెక్కుతోంది. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నొక్కమ్మా! చెవులు చిల్లులు పడుతున్నాయి!"

"మోగనివ్వండి సార్. మోగినంతసేపైనా ఏమైందని ఎవరో ఒకరు అడుగుతారు."

ఇన్‌చార్జి ఆమె భుజం మీదుగా వంగి తనే నొక్కాడు. గదంతా నిశ్శబ్దమైంది.

"చూశావా, ఎంత హాయిగా ఉందో!" అంటూ టీ గ్లాసు అందుకున్నాడు.

తెరమీద ఎర్రదీపం అలాగే వెలుగుతోంది. ఆమె కాసేపు దాన్నే చూసి, కొక్కేనికున్న హెల్మెట్ తీసి తలకి పెట్టుకుని తలుపు వైపు నడిచింది.

"ఎక్కడికమ్మా?"

"చూసి రావడానికి సార్" అంది. కనీసం పంపు కోసమైనా ఒకరు వెళ్ళాలి కదా.