బావగారి ఫిరంగి

సముద్రంలో మునిగిన పాత ఓడను వెతికి అందులోని బంగారాన్ని పైకి తీస్తామంటూ కంపెనీ పెట్టినాయన ప్లంబరు భార్యకు సొంత అన్నగారు. అందుకే ప్లంబరు కిక్కురుమనకుండా వాటాలు కొన్నాడు. కొన్న పాపానికి ఏటా సభకు వెళ్ళి, భార్య పక్కన కూర్చుని చప్పట్లు కొట్టి వచ్చేవాడు. మొదటి ఏడు బావగారు ఒక చెక్కముక్క చూపించారు. రెండో ఏడు అదే ముక్కకు వార్నిష్ పూయించి చూపించారు. మూడో ఏడు దానికి గాజుపెట్టె చేయించారు.

నాలుగో ఏటి సభకు లైబ్రరీ మేడమీది గదిలో కుర్చీలు చాలలేదు. వాటాదారులందరూ కత్తులు నూరుకుంటూ వచ్చారు. ముందుగా సెలూన్ ఆయన లేచాడు.

"ఓడ ఉందా, లేదా? ఒక్క ముక్కలో చెప్పండి."

"ఉందా ఏంటండీ, ఫిరంగే దొరికితేనూ!" అంటూ బావగారు తెరమీద ఫొటో వేయించారు. పచ్చటి నీళ్ళలో నాచుపట్టి, పొడుగ్గా, గుండ్రంగా ఏదో ఉంది. గదంతా హోరెత్తిపోయింది. సెలూన్ ఆయన కూడా మెత్తబడ్డాడు.

ప్లంబరు మాత్రం కళ్ళు చికిలించి ముందుకు వంగాడు. ముప్ఫై ఏళ్ళుగా అలాంటి వాటి కింద వెల్లకిలా పడుకుని పనిచేసినవాడు మరి. అతని నోరు తెరుచుకోవడం చూసి భార్య తొడమీద గట్టిగా గిల్లింది.

"మాట్లాడారంటే ఊరుకోను. మా అన్నయ్య పరువు!"

ప్లంబరు పళ్ళ బిగువున ఓర్చుకున్నాడు. కానీ బావగారు, "ఇలాంటివి వరసగా ఇరవై ఉన్నాయి, ఒకదాని మూతిలో ఒకటి దూరి" అనేసరికి ఇక ఆగలేకపోయాడు.

"ఫిరంగులు అలా దూరవు బావగారూ. అది డ్రైనేజీ పైపు."

జనం గొల్లుమన్నారు. బావగారి మొహం ఎర్రగా కందిపోయింది. "అయితే రేపు పొద్దున పడవెక్కు బావా! నీ కళ్ళతోనే చూద్దువుగాని!"

మర్నాడు ప్లంబరు, భార్య, సెలూన్ ఆయన, బావగారు, కంపెనీ ఈతగాడు బయలుదేరారు. రేవు దాటగానే బావగారు వాంతులు మొదలుపెట్టారు. కంపెనీ పెట్టిన ఇన్నేళ్ళలో ఆయన పడవెక్కడం అదే మొదటిసారని అప్పుడు బయటపడింది.

"ఇనప మూతలాంటిది కనిపిస్తే ఊడదీసుకురా" అని ప్లంబరు ఈతగాడికి చెప్పాడు. కాసేపటికి మూత పైకి వచ్చింది. సెలూన్ ఆయన జేబులోని కత్తితో నాచు గీకి, పైకి చదివాడు: "పట్టణ మురుగునీటి శాఖ."

ప్లంబరు ఆ మూతను బావగారి ముందు పెట్టాడు.

"ఓడ ఆ శాఖవాళ్ళది అయ్యుండకూడదా?" అన్నారు బావగారు నీరసంగా.

అంతలో అడుగునుంచి గడగడమని చప్పుడైంది. పడవ చుట్టూ గోధుమరంగు బుడగలు లేచాయి. ఆ కంపుకు అందరూ ముక్కులు మూసుకున్నారు. ఈతగాడు పడవలోకి ఎగిరి దూకి, ఎవరూ చెప్పకుండానే ఇంజను తిప్పాడు.

ఇంటికి రాగానే భార్య వంటింట్లోంచి కేకేసింది. ఏళ్ళ తరబడి అరగంటకు గాని దిగని సింకు నీళ్ళు గుటుక్కున దిగిపోయాయి. వీధి వీధంతా అదే సంబరం. బావగారి ఇంటి మీదికి దండెత్తుదామని బయలుదేరిన వాటాదారులు దారిలోనే ఆగి ఎవరి కాలవ ఎలా పారుతోందో ఒకరికొకరు చెప్పుకున్నారు.

వారం తిరక్కుండా మురుగునీటి శాఖ నుంచి కబురొచ్చింది, మిగతా పైపులు కూడా తెరిచిపెట్టమని. బావగారు కంపెనీ పేరుబోర్డు మీద 'నిధుల' అన్న మాట కొట్టేయించి 'గొట్టాల' అని రాయించారు.

"మా అన్నయ్య ఏదో ఒకటి కనిపెడతాడని నేను అనలేదూ?" అంది భార్య.

"అన్నావే" అని ప్లంబరు పానాల సంచి భుజాన వేసుకుని రేవుకు నడిచాడు.