బిడ్డలను తెమ్మన్నడు

ఏజెన్సీ మాట వచ్చేనాటికి నా చేతిలో ఉన్నవి ఇవి: తాండూరులో పిల్లల రెడీమేడ్ బట్టలు, బూట్లు అమ్మే దుకాణంలో సగం వాటా, మిగతా సగం వాటాదారుడైన నా స్నేహితుడు శ్రీహరి, ఇంట్లో భార్య రెబెక్క, ఐదేళ్ల కూతురు హెప్సిబా, నాలుగేళ్ల కొడుకు సైలస్. ఇవి కాక ఇంకొకటి కూడా ఉంది. దాన్ని నేను సరుకుతో సమానంగా లెక్కేసుకునేవాణ్ణి. పసిపిల్లల్ని ఫొటోకు తయారుచెయ్యడం నాకు తెలుసు.

ఎవరూ నేర్పింది కాదు. మా దగ్గర కొత్త బట్టలు కొన్నవాళ్లలో చాలామంది అటునుంచి అటే స్టూడియోకు పోతారు. పుట్టినరోజో, బాప్తిస్మమో, అక్షరాభ్యాసమో ఉంటుంది. సాయంత్రానికి తిరిగొచ్చి, "అంగి కుచ్చుతున్నదంట, ఒక్క ఫొటో సుత దిగలే, వాపసు తీస్కో" అని నా మీద పడేవాళ్లు. వాపసు వచ్చిన ప్రతి అంగీ నాకు నష్టమే కాబట్టి కారణాలు వెతికాను.

కొత్త బట్టను ఫొటో రోజే మొదటిసారి తొడగకూడదు. ముందే ఒకసారి ఉతికి, ఇంట్లో ఆడుకునేటప్పుడు తొడిగి ఒంటికి అలవాటు చెయ్యాలి. కటింగ్ వారం ముందే చేయించాలి. నిన్నో మొన్నో చేయిస్తే చెవుల వెనక తెల్లగా గీతలు కనిపిస్తాయి, మెడ దురద పెడుతుంది. బూట్లు కూడా అంతే, నాలుగు రోజులు తొడుక్కుని తిరిగితే గానీ మెత్తబడవు. నిద్ర తీరాకే బయలుదేరాలి. అన్నిటికంటే ముఖ్యం, పిల్లల్ని "నవ్వు, నవ్వు" అని ఎవరూ సతాయించకూడదు. సతాయిస్తే పళ్లు కనిపిస్తాయి, నవ్వు కనిపించదు.

ఈ మాటలు కౌంటరు దగ్గర అందరికీ ఊరికే చెప్పేవాణ్ణి. శ్రీహరి పక్కనే కూర్చొని వినేవాడు.

"బట్టలమ్ముతున్నవా, ట్యూషన్ చెప్తున్నవా దాసూ?"

"ట్యూషన్ ఫ్రీ. అంగి వాపసు రాకుంటే చాలు."

ఈ ఏడాది వానలు తగ్గాక హైదరాబాదులోని ఒక పిల్లల బట్టల కంపెనీ మాకు ఏజెన్సీ ఇస్తామంది. వాళ్ల పద్ధతి వేరు. ఎక్కడి పిల్లల బొమ్మలో తెచ్చి అతికించరు. దుకాణదారుల సొంత పిల్లలకే తమ బట్టలు తొడిగి, ఫొటోలు తీయించి, పెద్ద బోర్డు చేసి ఆ దుకాణం మీద పెడతారు. ఊరివాళ్లు గుర్తుపట్టి లోపలికి వస్తారని వాళ్ల ఆలోచన. ఫొటోలు తీసేది వికారాబాదులో కోటేశ్వరరావు. ఆయన గుంటూరు వైపు మనిషి, ఈ మధ్యే ఇటు వచ్చి స్టూడియో పెట్టుకున్నాడు.

శ్రీహరికి కూడా మాలాగే ఇద్దరు, కూతురు భాగ్యశ్రీ, కొడుకు అరుణ్. అరుణ్‌ది మా సైలస్ వయసే. నలుగురూ బోర్డు ఎక్కుతారనుకొని నేను ఇంట్లో మావాళ్లిద్దర్నీ తయారుచెయ్యడం మొదలుపెట్టాను. గదిలో తెల్ల దుప్పటి వేలాడదీసి, టార్చిలైటు వెలిగించి, ఇదే స్టూడియో అన్నాను. హెప్సిబాకు ఏ బెరుకూ లేదు. సైలస్ మాత్రం వెలుగు పడగానే బిగుసుకుపోయేవాడు. వాడికోసం ఒక ఆట కనిపెట్టాను. "గింజ పడేదాంక నవ్వొద్దు" అని చెప్పి, మూతి ముడిచి, నా పై పెదవి మీద ఒక కందిగింజ నిలబెట్టేవాణ్ణి. వాడు పెదాలు బిగబట్టి, కళ్లతోనే నవ్వుతూ కదలకుండా నిలబడేవాడు. గింజ జారగానే పకపకమనేవాడు. ఆ రెండింటి మధ్య తీస్తే అంతకంటే మంచి ఫొటో ఉండదు. కొన్నాళ్లకు వాడు ఎంతసేపు నిలబెట్టినా నిలబడేటట్టు తయారయ్యాడు. "బోర్డు మీద నేను గింత పెద్దగ ఉంట" అని చేతులు చాపి గల్లీ అంతా చెప్పి వచ్చాడు.

స్టూడియోతో ఫోన్‌లో మాట్లాడేది శ్రీహరి. ఫొటోలకు ఇంకా రెండు వారాల గడువుండగా ఒకరోజు షట్టరు దించుతూ చెప్పాడు.

"కోటేశ్వరరావు ఫోన్ జేసిండు దాసూ. బిడ్డలను తెమ్మన్నడు."

"గంతేనా?"

"గంతే. బిడ్డలను తీస్కరండి అన్నడు. నా చెవులతోని విన్న."

మా వైపు బిడ్డ అంటే కూతురే. ఇంక అడగడానికి ఏముంది? గౌన్లే ఎక్కువ అమ్ముడుపోతాయి కాబట్టి ఆడపిల్లలనే పెడుతున్నారు కాబోలు అనుకున్నాను. ఇంటికి పోయి సైలస్‌ను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను.

"బిడ్డలనే తెమ్మన్నరంట కొడుకా. మొగపోరలను వద్దన్నరు."

"అరుణ్‌ను గూడ వద్దన్నరా?"

"వాన్ని గూడ వద్దన్నరు."

వాడు ఆలోచించి సరే అన్నాడు. అరుణ్ కూడా లేడనేసరికి వాడికది న్యాయంగానే తోచింది. అప్పటినుంచి అక్కకు టార్చిలైటు పట్టే పని వాడే తీసుకున్నాడు. పోయే రోజు పొద్దున మాత్రం, నేనూ హెప్సిబా స్టేషనుకు బయలుదేరుతుంటే, గడప మీద బోర్లా పడుకొని ఏడ్చాడు.

మేము వికారాబాదులో స్టూడియోకు చేరేసరికే శ్రీహరి తన కారులో వచ్చి ఉన్నాడు. పరదా ముందు భాగ్యశ్రీ, దాని పక్కన అరుణ్. అరుణ్ ఒంటి మీద కంపెనీవాళ్ల నీలం కోటు.

"వీడెట్లొచ్చిండు హరీ?"

"ఇంట్ల ఉండనని ఒక్కటే ఏడుపు. ఎంబడి తోలుకొచ్చిన. కోటు ఖాళీగ ఉన్నది గద అని తొడిగిన."

ఇంతలో కోటేశ్వరరావు లోపలినుంచి వచ్చాడు. "రండి దాసుగారూ. పాప వచ్చింది, మరి మీ బాబేడండీ?"

"బిడ్డలనే తెమ్మన్నరంట గద సార్."

"అవునండీ. బాబైనా పాపైనా బిడ్డే కదా!" నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయాడు. "కంపెనీవాళ్లు కోటు ఒక్కటే పంపారు. బాబులిద్దర్నీ నిలబెట్టి చూసి, ఎవరు కుదురుగా ఉంటే వాళ్లకి తొడుగుదామని శ్రీహరిగారితో అన్నానండీ."

నేను శ్రీహరి వైపు తిరిగాను. "గా మాట నాకు సమజ్ గాలే దాసూ," అన్నాడు. "బిడ్డలంటే నేను గూడ మన తీరుగనే అనుకున్న. ఆయన భాష నాకేం ఎరుక?"

దాదాపు నమ్మాను. వాడూ ఈ ప్రాంతం మనిషే, వాడికీ బిడ్డ అంటే కూతురే. కాని మనిషిని అనుమానించే ముందు సరుకును చేత్తో పట్టి చూడడం నా అలవాటు. కాలరు సర్దుతున్నట్టు అరుణ్ మీదికి వంగాను. రెండు వారాల కింద, ఆ ఫోను సంగతి చెప్పిన రోజు, వాడు దుకాణానికి వచ్చాడు. అప్పుడు జుట్టు కళ్ల మీద పడుతోంది. ఇప్పుడు చక్కగా కటింగై ఉంది, చెవుల వెనక గీతలు లేవు, మెడ మీద వెంట్రుకలు మెత్తగా సర్దుకున్నాయి. అంటే కటింగై వారమైంది. బూట్లు మా దుకాణంలో పోయిన వారం దిగిన రకం. అప్పుడే మడతలు పడి మెత్తబడ్డాయి. ఏడ్చి వెంట పడి వచ్చిన పిల్లవాడు ఇట్లా ఉండడు. నేను చెప్పిన మాట ఒక్కటి కూడా తప్పకుండా తయారుచేసిన పిల్లవాడు ఇట్లా ఉంటాడు.

"కటింగ్ ఎన్నడు జేయించినవ్ హరీ?"

వాడికి అర్థమైంది. నన్ను పక్కకు తీసుకుపోయి గొంతు తగ్గించాడు.

"మీ సైలస్ పక్కకు నిలవడితె మావోనికి కోటు దక్కుతదా? నువ్వు వాన్ని గుంజ లెక్క నిలవెడ్తున్నవ్. నాకు గూడ నా కొడుకు బోర్డు మీద ఉండాలె అనిపియ్యదా? నేనైతె అబద్ధం చెప్పలే. ఆయన బిడ్డలన్నడు, నేను బిడ్డలన్న."

"అవు. ఒక్క అక్షరం గూడ మార్చలే. నేను ఎట్ల వింటనో ఎరుకై చెప్పినవ్."

రెబెక్కకు ఫోను చేశాను. సైలస్ ఏడ్చి ఏడ్చి అప్పుడే పడుకున్నాడంది. లేపి రైలెక్కించమని నోటి దాకా వచ్చింది. కాని నిద్రలో లేపి తెచ్చిన పిల్లవాడు పరదా ముందు నిలబడడని ఎంతమందికి నేనే చెప్పలేదు? పడుకోనియ్యమన్నాను.

లైట్లు వెలిగాయి. అరుణ్ ఒక్క అరుపు అరిచి పరదాలో ముఖం దాచుకున్నాడు. శ్రీహరి బతిమాలాడు, చాక్లెట్ చూపించాడు, "నవ్వురా, నవ్వు" అన్నాడు. వాడు ఇంకా గట్టిగా ఏడ్చాడు.

"దాసుగారూ, మీకు పిల్లల సంగతి బాగా తెలుసంట కదా. కాస్త చూడండి," అన్నాడు కోటేశ్వరరావు. "మీ తర్వాత వేరేవాళ్లు ఉన్నారు."

శ్రీహరి నన్ను అడగలేదు, చూశాడంతే. నేను లెక్క వేసుకున్నాను. ఇక్కడ వదిలేసి పోతే ఏజెన్సీ పోతుంది, పోయినదాంట్లో సగం నాదే. హెప్సిబా గౌను వేసుకొని తన వంతు కోసం చూస్తోంది. ఏడుస్తున్న పిల్లవాడి తప్పు ఏమీ లేదు. ఈ లెక్కలో నా కొడుకు ఎక్కడా రాలేదు.

కెమెరా పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. జేబులో ఇంకా కందిగింజ ఉంది. దాన్ని తీసి చూపించాను.

"అరుణ్, ఇటు సూడు. గింజ పడేదాంక నవ్వొద్దు."

మూతి ముడిచి గింజను నా పై పెదవి మీద నిలబెట్టాను. వాడు కన్నీళ్లతోనే తిరిగి చూశాడు. పెదాలు బిగబట్టాడు. కళ్లు మెరిశాయి.

"కాకా, పడ్తది, పడ్తది!"

"అబ్బ, ఇది చాలండీ, ఇది చాలు," అన్నాడు కోటేశ్వరరావు, బటను నొక్కుతూనే.

"డాడీ," అంది వెనకనుంచి హెప్సిబా. "గది సైలస్‌గాని ఆట గద!"

బోర్డు వచ్చింది. అటు భాగ్యశ్రీ, ఇటు హెప్సిబా, నడుమ నీలం కోటులో అరుణ్. సైలస్‌ను ఎంతకాలమని ఆ వీధికి తేకుండా ఉంటాను? ఒకరోజు చూశాడు. చాలాసేపు తల పైకెత్తి చూశాడు.

"బిడ్డలనే అన్నవ్ గద డాడీ. అరుణ్ బిడ్డనా?"

గుంటూరు వైపు ఆ మాటకు అర్థం వేరని చెప్పాను. వాడు విన్నాడు గాని నా వైపు చూడలేదు.

ఇప్పటి లెక్క ఇది. ఏజెన్సీ వచ్చింది. బోర్డు చూసి లోపలికి వచ్చేవాళ్లు బాగానే ఉన్నారు. దుకాణంలో సగం నాదే. శ్రీహరి పక్కనే కూర్చుంటున్నాను, సరుకు గురించి మాట్లాడుకుంటున్నాం. ఫోను మోగితే నేనే ఎత్తుతున్నాను. కౌంటరు దగ్గర ట్యూషన్ మానేశాను. ఇంట్లో నేను "తిన్నంక అనంతగిరి పోదం" అంటే, సైలస్ వంటింట్లోకి పోయి "మమ్మీ, నిజమేనా?" అని అడుగుతాడు. రెబెక్క ఔనంటేనే చెప్పులు వేసుకుంటాడు.