అత్త ఎక్కిన మెట్లు

లింపోపో నది మా ఛోక్వే ఊళ్లోకి వచ్చి ఇళ్లన్నీ తిరగేసి పోయిన తర్వాత మూడో ఏడు అది. ఆ ఏడే నేను మేడ కట్టాను. మేడంటే పెద్దదేం కాదు. కింద రెండు గదులు, పైన ఒకటి. పై గది మా అత్తకి.

మా అత్త ఉండేది ఏటి పక్కన గుడిసెలో. వరదలో ఆ గుడిసె కొట్టుకుపోతే మళ్లీ అక్కడే వేసుకుంది. చెబితే వినే మనిషి కాదు. వానలు దగ్గర పడుతున్నాయి. నా పెళ్లాం రబెకా ఒకటే మాట అంది.

"అమ్మ నీ మేడెక్కితే నేనూ ఎక్కుతా. ఎక్కనందా, వానాకాలమంతా నేను ఆ గుడిసెలోనే పడుకుంటా. నీ మేడ నువ్వే ఏలుకో."

రబెకా అన్నదంటే చేస్తుంది. అందుకే మెట్ల సంగతి నేనే దగ్గరుండి చూసుకున్నాను.

సరిహద్దు దాటి జోని పట్నంలో గని పనికి పోయినప్పుడు మా దొర ఇంట్లో మెట్లు చూశాను. గోడలోంచి పలకలు పొడుచుకొచ్చి ఉంటాయి, అంతే. పక్కన పట్టు లేదు. పలకకీ పలకకీ నడుమ అంతా ఖాళీ. ఎక్కేవాళ్లు గాల్లో నడుస్తున్నట్టుంటారు. ఇల్లంటూ కడితే ఇలాంటివే కట్టాలని అప్పుడే అనుకున్నాను. మేస్త్రి ఫబియావ్‌కి మట్టిలో పుల్లతో గీసి చూపించాను.

"ఇవి మెట్లా అన్నా, చేప ముళ్లా?" అన్నాడు.

"కట్టు" అన్నాను.

కట్టాడు. ఊరంతా వచ్చి చూసి నోరు తెరిచింది. ఆ మెట్ల కింద చోటు ఉంది కదా అని బల్లా కుర్చీ వేసుకున్నాను. అక్కడ కూచుని తింటుంటే పైనుంచి వెలుగు చారలు చారలుగా నా కంచంలో పడేది. దొరనైపోయాననుకున్నాను.

పైన కాపురం ఉండాలంటే మున్సిపాలిటీ ఒప్పుకోవాలి. ఇంజినీరమ్మ వచ్చింది. పేరు గ్రాసియేతె. నవ్వు మొహం. అదే వేళకి గది చూసి పోదామని అత్త కూడా వచ్చింది. మా వాళ్లలో అల్లుడు అత్త మొహం చూడకూడదు. మాటైనా నడుమ ఇంకొకరు ఉండి చేరవెయ్యాల్సిందే. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను.

"బాబాయ్‌గారూ, చూడ్డానికి భలే ఉన్నాయి" అంది ఇంజినీరమ్మ. "పైన ఎవరుంటారు?"

"అత్త."

"ఆవిడ కళ్లు ఎలా ఉన్నాయి?"

"నేనెప్పుడూ చూళ్లేదమ్మా."

అందరూ నవ్వారు. ఇంజినీరమ్మ పెరట్లోంచి ఒక బొప్పాయి కాయ తెచ్చింది. "ఇది ఏడాది బిడ్డ తలకాయ అనుకోండి" అని రెండు మెట్ల నడుమ ఖాళీలో పెట్టి తోసింది. కాయ దూరి సరాసరి నా బల్ల మీద పడింది. కంచం, కంచంలో మొక్కజొన్న షిమా ముద్ద, కూర, అన్నీ నేల మీదే.

అత్త ఒక్కతే నవ్వలేదు.

"ఏమే రబెకా, ఆ కంచం ఎవరిది?"

"ఎవరిదేంటి, నీ అల్లుడిదే."

"అల్లుడు అక్కడ కూచుని తింటాడా? నేను ఈ ముళ్ల మీద ఎక్కుతుంటే, కింద కూచునా?" నడుముకి చుట్టుకున్న కపులానా బట్టని రెండు చేతులా కాళ్లకి బిగబట్టుకుంది. "చెప్పవే మీ ఆయనకి. ఏరు వస్తే ఏట్లోనే పోతాను కానీ, అల్లుడి నెత్తి మీద అడుగెయ్యను. అదీ ఇన్ని కంతలున్న మెట్ల మీద!"

వెళ్లిపోయింది. నాకు చెవులు కాలిపోయాయి. దొరలకి అత్తలతో ఈ పట్టింపులు లేవు. నాకున్నాయి. దొర మెట్లు గుర్తున్నాయి కానీ ఈ సంగతి నా బుర్రకి తట్టనే లేదు.

రబెకా అన్నంత పనికీ సిద్ధమైంది. చాప చుట్టి గుమ్మంలో పెట్టింది.

నేను సుత్తి తీసుకున్నాను. ఫబియావ్ అడ్డం వచ్చాడు. "అన్నా, నా చేతులతో పోసినవి!"

"నువ్వే కొట్టు అయితే" అన్నాను. కొట్టాడు, తిట్టుకుంటూ.

ఇంజినీరమ్మ సిమెంటు బస్తా మీద కూచుంది. పుల్ల ఈసారి ఆవిడ చేతిలో. మెట్లన్నీ ఒకే ఎత్తు ఉండాలంది. నడుమ కంతలు మూసెయ్యాలంది. పక్కన చేతికి పట్టు ఉండాలంది. ఇద్దరు పట్టేంత వెడల్పు చాలంది.

"చాలదమ్మా" అన్నాను. "ఆవిడ ఎక్కుతుంటే నేను దిగానుకో. తగలకూడదు. చూడకూడదు."

"అయితే ఒకళ్లు ఎక్కడికి పోతారు?"

"అదే నాకూ తెలీడం లేదు."

ఆవిడ గీసింది, చెరిపింది, మళ్లీ గీసింది. మెట్లని నడుమలో మలుపు తిప్పి, ఆ మలుపులో ఒక వెడల్పాటి అరుగు పెట్టింది. "ఒకళ్లు ఇక్కడ పక్కకి తప్పుకుని గోడవైపు తిరిగితే సరి. ముసలావిడ ఆయాసం తీర్చుకోడానికీ పనికొస్తుంది."

"అల్లుడి అరుగు" అన్నాడు ఫబియావ్. ఆ పేరే ఉండిపోయింది.

మెట్లు లేచాయి. గట్టిగానే ఉన్నాయి కానీ గోదాములో మెట్లలాగా ఉన్నాయి. నా మొహం చూసి ఫబియావ్ ఏమనుకున్నాడో, వరదలో పగిలిన రంగు పలకలు, పింగాణీ కంచాల ముక్కలు ఇంటింటికీ తిరిగి ఏరుకొచ్చాడు. మెట్టు ముందువైపు అతికించాడు. ఒక మెట్టు పసుపు, ఒక మెట్టు నీలం, ఒక మెట్టు పూలకంచం. పైన కాలు పెట్టే చోట మాత్రం గరుకు సిమెంటు, జారకుండా. పట్టుకి నేను షంఫూత కర్ర చెక్కి, అరచేతికి మెత్తగా తగిలేదాకా రుద్దాను. దొర మెట్లకి ఇన్ని రంగులు లేవు.

అత్తని ఒప్పించడానికి రబెకా వెంట, అత్తతో చీటీ కట్టే ఆడవాళ్లంతా పోయారు. పాటలు పాడుకుంటూ తీసుకొచ్చారు. నేను పెరట్లో అరటిచెట్ల వెనక్కి పోయాను; ఇక్కణ్ణుంచి చెప్పేది నేను అక్కడ విన్నదీ, తర్వాత రబెకా చెప్పిందీ. గౌరవం కొద్దీ ఆ ఆడవాళ్లు తమ కపులానాలు విప్పి మెట్ల మీద పరవబోయారు. ఇంజినీరమ్మ కేక పెట్టింది.

"తియ్యండి తియ్యండి! బట్ట జారిందంటే ముసలావిడ మళ్లీ కిందే ఉంటుంది!"

తీసి, పక్కన నిలబడి ఊపారు. అత్త పట్టు పట్టుకుంది. ఒక్కో మెట్టూ చూసుకుంటూ ఎక్కింది. "ఇది పసుపు. ఇది నీలం. ఇదేంటే, మా చెల్లెలి కంచంలా ఉందీ?" కళ్లు మసకేశాయని రబెకా చెప్పే మనిషికి రంగులు కనిపిస్తున్నాయి.

అరుగు దాకా ఎక్కి కూలబడింది.

"ఇక్కడ చాల్లే. గాలి బాగుంది."

"లేవే అమ్మా, ఏరు ఇక్కడిదాకా వస్తుంది."

"రానీ."

పాట ఆగింది. ఎంత బతిమాలినా లేవలేదు. రబెకా గొంతులో ఏడుపు వినిపించింది నాకు.

"అల్లుడెక్కడ?" అంది అత్త.

"పెరట్లో, అరటిచెట్ల వెనక."

"ఏరు వచ్చినా చెట్ల వెనకే ఉంటాడా? ఎక్కడుంటాడో అడుగు."

రబెకా నాకు కేకేసింది. నేను చెట్ల వెనకనుంచే అరిచాను. "ఆ అరుగు మీద ఉంటానని చెప్పు! చాప వేసుకుని, గోడవైపు తిరిగి!"

రబెకా ఆ మాట తల్లికి చేరవేసింది.

"ఓసి నా తల్లో!" అంది అత్త. "అల్లుడి చాప చోట కూచున్నానే నేను! పట్టండే, లేపండే, చూస్తారేంటే!"

అత్త అల్లుడి చోట కూచోకూడదు. లేచింది. తడబడకుండా మిగతా మెట్లన్నీ ఎక్కేసింది. ఆడవాళ్లు నాలుకలు ఆడించి పెట్టిన కూతలకి కోళ్లు నా మీంచి ఎగిరిపోయాయి. రబెకా గుమ్మంలో చాప తీసుకుని తల్లి వెనకే పైకి పరిగెత్తింది.

మర్నాడు పొద్దున రబెకా నా దగ్గరికి వచ్చింది. "అమ్మ రోలు అడుగుతోంది" అంది. ఆడది రోలు తెప్పించుకుందంటే ఇక ఇల్లు అదే. ఏటి పక్క గుడిసెకి పోయి ఆ కర్ర రోలు భుజానికి ఎత్తుకున్నాను. నేను వస్తున్నట్టు తెలియాలని గట్టిగా దగ్గుకుంటూ మెట్లెక్కి, అరుగు మీద దించి, దిగి వచ్చాను.