రేకుల కింది గాలి

మా అమ్మాయి అఖిల పోయిన వానాకాలంలో డెంగీ జ్వరంతో చనిపోయింది. వేసవి సెలవులు మొదలయ్యాక, ఆమె పనిచేసిన ఆఫీసు నుంచి శేఖర్ గారు ఫోన్ చేశారు.

"నమస్కారం మేడం. అఖిల గారు ఇంకా మా దగ్గర పెండింగులో ఉన్నారండి" అన్నారు.

నేను శంషాబాద్ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. ఇలాంటి వాక్యాలకు ఎర్రసిరాతో గీత గీయడం అలవాటు. ఫోన్లో ఆ వీలు లేదు.

"పెండింగులో ఉన్నది అఖిలా, అఖిల పనా?" అని అడిగాను.

"ఆవిడ పెట్టిన పేరండి. ఒక్కసారి మీరు ఆవిడ ల్యాప్‌టాప్ తీసుకుని వస్తే, చిన్న పని."

పేర్లు పెట్టడమే ఆ ఆఫీసు పని. రాబోయే వందేళ్ళలో ఎండ ఎంత, వాన ఎంత అని చాలా దేశాలవాళ్ళు కంప్యూటర్లలో లెక్కగడతారు. ఒకరు వేడిని ఒక పేరుతో రాసుకుంటారు, ఇంకొకరు మరో పేరుతో. అన్ని లెక్కలూ ఒకచోట పోల్చాలంటే ఒక్కో సంగతికి అందరూ ఒకే పేరు వాడాలి. ఆ పేర్ల పట్టికను అఖిల వాళ్ళు కాపాడేవారు. పేరులో మాటకూ మాటకూ నడుమ ఖాళీ ఉండకూడదు, కింద గీత ఉండాలి. వేడిని కెల్విన్లలో, అంటే మన డిగ్రీలకు రెండు వందల డెబ్బై మూడు కలిపి చెప్పాలి. వానను కిలోగ్రాముల్లో తూచాలి. ఇవన్నీ విని నేను ఒకసారి నవ్వితే, అఖిల ఊరుకోలేదు.

"నీ సమాసాల కన్నా నయమే అమ్మా. మేం పెట్టిన పేరుకు అర్థం కూడా పక్కనే రాస్తం. మీ కవులు రాసిండ్రా?"

అఖిల ల్యాప్‌టాప్ పట్టుకుని, ఆటో మంజూర్‌ను పిలిచి, ఆఫీసు ఉన్న రావిర్యాల పోదామన్నాను.

"రావిర్యాల అంటే ఏ దిక్కు మేడం? ఎయిర్‌పోర్ట్ వ్యాలీ దిక్కా, ఎయిర్‌పోర్ట్ మెడోస్ దిక్కా?"

"ఊరి దిక్కు."

"గా పేరుతోని ఇప్పుడు ఎవ్వరు పిలుస్తలేరు" అంటూ బండి తిప్పాడు. దారి పొడవునా వెంచర్ల బోర్డులే. మేకలు మేస్తున్న గుట్టకు కూడా ఇంగ్లీషు పేరు పెట్టి చుట్టూ కంచె వేశారు. ఆ పేర్లను సరిచూసే ఆఫీసు మాత్రం ఎక్కడా ఉన్నట్టు లేదు.

ఆఫీసులో నన్ను సమావేశం గదిలోకి తీసుకువెళ్ళారు. బల్లమీద కేకు ఉంది. పట్టిక కొత్త ప్రతి తయారైనందుకు సంబరం, అఖిలకు సంతాపం ఒకే పూట పెట్టుకున్నారట, గది మళ్ళీ దొరకదని. గోడకు కట్టిన ఫ్లెక్సీలో అఖిల ఫోటో ఉంది. కింద ఆమె ఇంటిపేరు తప్పుగా ఉంది. పేర్లు సరిచూసేవాళ్ళ ఆఫీసు అది.

రెండు నిమిషాలు మౌనం పాటించారు. నడిమధ్యలో ఎవరికో బిర్యానీ వచ్చింది. తెచ్చినతను హెల్మెట్ తీసి, గుమ్మం దగ్గర తానూ తలవంచుకుని నిలబడ్డాడు. ఆ గదిలో చేతిలో ఫోన్ లేనిది అతనొక్కడికే. బిర్యానీ ఉంది మరి.

శేఖర్ గారు మాట్లాడారు. "అఖిల గారు ఎక్కడికీ వెళ్ళలేదు. మా సిస్టంలో ఆవిడ ఇప్పటికీ యాక్టివ్‌గానే ఉన్నారు" అన్నారు. ఒకాయన చప్పట్లు కొట్టబోయి, నన్ను చూసి చేతులు తుడుచుకున్నాడు.

తర్వాత తెరమీద పట్టిక చూపించారు. పేరు పేరుకూ పక్కన, ఖరారైందని గుర్తుగా, పచ్చచుక్క. ఒకదానికి మాత్రం ఎర్రచుక్క. అఖిల పెట్టిన ఆ పేరు ఇంగ్లీషులో ఉంది. తెలుగులో చెబితే, రేకుల కప్పు కింద ఇంటి లోపలి గాలి వేడి.

"సోమవారం విదేశాల నుంచి తనిఖీ బృందం వస్తోందండి. ఎర్రచుక్క ఉంటే బాగోదు. దీన్ని మామూలు గాలి వేడిలో కలిపేస్తే అయిపోతుంది. పేరు ప్రతిపాదించినవాళ్ళు ఒప్పుకోవాలి, అంతే. మీరు ఆవిడ ల్యాప్‌టాప్‌లో 'అంగీకారం' మీద ఒక్క నొక్కు నొక్కండి."

"అఖిల లేదు కదండీ."

"నిజమేనండి. కానీ ఆ సంగతి సిస్టంకు తెలియదు కదా."

"మీరు తెలియజేయలేరా?"

"ప్రతిపాదించినవాళ్ళను తొలగించాలంటే వాళ్ళే స్వయంగా దరఖాస్తు పెట్టుకోవాలండి."

"ఈ నిబంధన రాసింది ఎవరు?"

శేఖర్ గారు మెడలోని ఐడీ కార్డు సరిచేసుకున్నారు. అఖిల పక్క సీటు అమ్మాయి ఐమన్ నా చెవి దగ్గరికి వంగింది. "సారే రాసిండ్రు ఆంటీ. సార్ పెట్టిన పేర్లు ఎవ్వరు ముట్టొద్దని."

"కలిపితే ఏమవుతుంది?" అని పైకే అడిగాను.

"ఏమీ కాదండి. లోపలైనా బయటైనా గాలే కదా" అన్నారు శేఖర్ గారు.

"పేరు ఒక్కటైతే కంప్యూటర్‌కు రెండు ఒక్కటే ఆంటీ" అంది ఐమన్, ఈసారి అందరికీ వినబడేలా. "రేకుల కింద మనుషులకు ఎంత వేడి అన్నది ఇగ ఏ లెక్కలకు రాదు. అఖిలక్క ఆ ఇండ్లకు పోయి కొలిచింది మొత్తం బయటి గాలిల కలిసిపోతది. మళ్ల తీస్తమన్నా రాదు."

అఖిల ఈ భూమ్మీద పెట్టిన పేరు అదొక్కటే. తన పెళ్ళి గురించి ఎత్తితే కూడా ఈ పేరు పచ్చబడనీ అనేది.

"అఖిల కొలిచిన ఇల్లు ఒకసారి చూడొచ్చా?" అన్నాను.

"ఇప్పుడా? బయట చాలా ఎండగా ఉందండి."

"అందుకే."

ఐమన్ స్కూటీ మీద తీసుకుపోయింది. శంషాబాద్ పాత ఊళ్ళో వరుసగా కట్టిన కిరాయి గదులు, అన్నిటికీ రేకులే. మూడో గది సత్తెమ్మది. ఎయిర్‌పోర్టులో రాత్రి డ్యూటీ, నేల తుడిచే పని. పగలు వచ్చి పడుకుంటుంది. మమ్మల్ని చూసి లేచి, ఫ్యాన్ నా వైపు తిప్పింది. గుమ్మంలో అడుగు పెట్టగానే నా నోటి నుంచి "అబ్బా" అని వచ్చింది.

"గంతే. నీ బిడ్డ గూడ గట్లనే అంటుండె" అంది సత్తెమ్మ. నేనెవరో ఆమెకు ఎవరూ చెప్పలేదు; అమ్మ పంతులమ్మ అని మాత్రం అఖిల ఎప్పుడో చెప్పి ఉంటుంది. "రాత్రంత ఆడ ఏసీల సలికి స్వెట్టర్ ఏసుకుంట. పగలు గీడ ఉడుకుత. రొండిట్ల ఏది బతుకో తెల్వది."

దేవుడి పటం పక్కన మేకుకు వేడి కొలిచే చిన్న తెల్ల డబ్బా వేలాడుతోంది.

"గిది తీస్కపోనీకి వచ్చిండ్రా?" అంది దాన్ని చూపిస్తూ. "ఉండనీయుండ్రి పంతులమ్మా. ఎంత ఉడుకున్నదో నిజం చెప్పేది గదొక్కటే. మా ఓనర్‌ను అడిగితే, ఎండకాలం ఎండ గాక మంచు పడ్తదా అంటడు."

ఐమన్ డబ్బా చూసి, "నలభై నాలుగు ఆంటీ. బయట నలభై. ఆఫీసు లెక్కల అయితే మూడు వందల పదిహేడు" అంది.

"మూడు వందలా!" సత్తెమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "గంత ఉడుకుల ఇంక బతికే ఉన్నమా మేము?"

"అఖిల వచ్చి ఏం చేసేది?" అని అడిగాను.

"ఏం చేస్తది, గీడ గోడకు ఆనుకొని కూసుంటుండె. నేనే తిడ్తుంటి. చెట్టు కింద కూసోరాదు బిడ్డా, ఉత్తగ ఉడికిపోతున్నవ్ అంటే, 'చెట్టు కింద అందరు కొలుస్తరు సత్తెమ్మా, గీడ ఎవ్వరు కొలుస్తలేరు' అంటుండె."

రేకుల మీదుగా విమానం పోయింది. గిన్నెలు కదిలాయి.

ఆఫీసుకు తిరిగి వచ్చేసరికి కేకు కోశారు. నాకొక ముక్క పేపరు ప్లేటులో ఉంచారు. ల్యాప్‌టాప్ తెరిచాను. 'అంగీకారం', 'అభ్యంతరం' అని రెండు మీటలున్నాయి. శేఖర్ గారు మొదటిదాని మీద వేలు పెట్టి చూపించారు. నేను రెండోది నొక్కాను. కారణం రాయమంది. రాశాను.

లోపల ఉన్నవాళ్ళు బయట లేరు.

"మేడం, ఇది అఖిల గారి అకౌంటండి! దీంట్లో మీరు అభ్యంతరం ఎలా పెడతారు?"

"అంగీకారమైతే పెట్టొచ్చన్నారు కదండీ."

ఈసారి ఆ గదిలో మౌనం సరిగ్గా కుదిరింది.

అభ్యంతరం వస్తే ఎర్రచుక్క పసుపుపచ్చగా మారుతుందట. చర్చలో ఉందని దాని అర్థం. తనిఖీకి వచ్చినవాళ్ళు దాన్ని చూసి, చర్చలు జరిగే ఆఫీసు ఆరోగ్యంగా ఉన్నట్టని మెచ్చుకున్నారని ఐమన్ ఫోన్ చేసి చెప్పింది. ఆ మెప్పు శేఖర్ గారు అందుకున్నారట. ల్యాప్‌టాప్ తిరిగి ఇవ్వబోతే, దానికి అఖిల సంతకం కావాలన్నారు. అందుకని అది మా ఇంట్లోనే ఉంది.

చర్చలో ఉన్న పేరు గురించి మూడు నెలలకోసారి దాంట్లోకి ఒక మెయిల్ వస్తుంది. మనిషి రాసేది కాదు. "ప్రియమైన అఖిలా, ఈ పేరును ఇంకా మీరే చూసుకుంటున్నారా?" అని అడుగుతుంది. జవాబు ఇవ్వకపోతే అభ్యంతరం రద్దవుతుంది.

'అవును' నొక్కే ముందు నేను సత్తెమ్మ గదికి పోయి, గోడకు ఆనుకుని కాసేపు కూర్చుని వస్తాను. అబద్ధం చెప్పడం నాకు అలవాటు లేదు.

మొన్న పోయినప్పుడు వాన వెలిసింది. రేకుల మీద నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. సత్తెమ్మ డ్యూటీకి పోవడానికి స్వెట్టర్ మడతపెట్టి సంచిలో పెట్టుకుంటోంది.

"ఇయ్యాల ఎంతున్నది పంతులమ్మా?"

డబ్బా చూసి, "మూడు వందల ఆరు" అన్నాను.

"జర సల్లబడ్డది పో" అంది.