చెరిపేసిన బోణీ

పెళ్లయిన కొత్తలో భార్యాభర్తలు ఊటీకి పోతారు. మేము పులివెందులకు, జమ్మలమడుగుకు పోయాం, బట్టల దుకాణాలు తిరగడానికి.

నా భర్త హర్ష దుకాణాల్లో బిల్లులు వేసే సాఫ్ట్‌వేర్ అమ్ముతాడు. అమ్మేముందు అదెలా పనిచేస్తుందో డెమో చూపించాలి. నేను ప్రొద్దుటూరులో జూనియర్ కాలేజీ లెక్చరర్ని. వేసవి సెలవులు కాబట్టి ప్రింటరు సంచి ఒళ్లో పెట్టుకుని వెంట తిరిగాను. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు లారీల వెనక బస్సు ఆగిపోయేది. కిటికీ వైపు తను కూర్చుని దుమ్మంతా తన మీదే వేసుకునేవాడు. జుట్టు తెల్లబడి ముసలివాడిలా కనబడితే నాకు నవ్వు ఆగేది కాదు.

హర్షకు నవ్వే ఓపిక లేదు. నెలాఖరులోగా ఒక్క దుకాణమైనా సాఫ్ట్‌వేర్ తీసుకోకపోతే ఇక్కడి పని మూసేసి విజయవాడ రమ్మన్నాడు మేనేజరు. అప్పుడు తనక్కడ, నేనిక్కడ.

గిరాకీలు రాకముందైతే యజమానులకు తీరిక అని, షట్టరు ఎత్తే వేళకే వెళ్లేవాళ్లం. దేవుడి పటం ముందు అగరుబత్తి వెలుగుతుండగానే లాప్‌టాప్ తెరిచేవాడు. ఎవరిదో ఒక పేరుతో చీర బిల్లు వేస్తే కాగితం సర్రున బయటికొచ్చేది. చివరికి తనకు బాగా ఇష్టమైన భాగం. పొరపాటు పడినా భయం లేదంటూ ఒక్క మీట నొక్కి ఆ బిల్లు రద్దు చేసేవాడు. అక్కడికొచ్చేసరికి యజమాని ముఖం మాడిపోయేది. తర్వాత చెబుతాంలే అనేవారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. హర్ష ఇంటికొచ్చి అక్షరాలు పెద్దవి చేశాడు, రంగులు మార్చాడు, మాటలు తగ్గించాడు. రద్దు మాత్రం ఇంకా వేగంగా అయ్యేలా చూసుకున్నాడు.

చివరికి ప్రొద్దుటూరులోనే బదరీనారాయణ సెట్టి దుకాణానికి వెళ్లాం. గల్లాపెట్టె దగ్గర ఆయన తల్లి జయలక్ష్మమ్మ కూర్చుని ఉంది. హర్ష గొంతు అప్పటికే బొంగురుపోయింది. బిల్లు వేశాడు. రద్దు చేశాడు.

“ఏందప్పా నువ్వు జేసింది?” అంది జయలక్ష్మమ్మ. “ఇంగా బోణీ గాలా. మొదటి బిల్లే కొట్టేస్తివే.”

“అది ఉత్తుత్తి బిల్లు అవ్వా.”

“మిషనుకు ఉత్తుత్తిది. అంగడికి గాదు.”

హర్ష నా వైపు చూశాడు. మాడిపోయిన ఆ ముఖాలన్నీ నాకు గుర్తొచ్చాయి. ప్రతి దుకాణంలోనూ పొద్దున్నే బోణీ చెరిపేసి వచ్చాం. అతను క్షమించమని చెప్పి, మెల్లగా వైరు చుట్టడం మొదలుపెట్టాడు.

లోపలికొచ్చినప్పటి నుంచి నా కళ్లు చిలకపచ్చ రవికె గుడ్డ మీదే ఉన్నాయి. కొనడానికి సాకు దొరికిన సంతోషం దాచుకుంటూ దాన్ని తీయమన్నాను.

“మామా, వైరు తీయొద్దు. నా పేరున బిల్లు వెయ్యి,” అన్నాను హర్షతో.

“దుడ్లిచ్చే బిల్లేనా పాపా?” అడిగింది జయలక్ష్మమ్మ.

“ఇచ్చేదే అవ్వా. బేరం గూడా ఆడతా.”

ఆడాను. సెట్టి కొంచెం తగ్గించాడు. ఆ తగ్గించిన ధరతోనే, తెలుగులో నా పేరుతో బిల్లు వచ్చింది. అవ్వ నోటు కళ్లకద్దుకుని గల్లాలో వేసింది. సెట్టి మొదటిసారి లేచి వచ్చి తెర ముందు నిలబడ్డాడు. రేపు ఈ పిల్ల రంగు బాగలేదని వాపసు తెస్తే ఏం చేస్తావని అడిగాడు. హర్ష వేలు అలవాటుగా రద్దు మీట దాకా పోయి ఆగింది.

“ఈ బిల్లు ఇట్లే ఉంటాది సెట్టిగారూ. వాపసుకు వేరే బిల్లు వేస్తాం.”

సెట్టి చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. “నెల ఈడ పెట్టిపో. నడిస్తే సంతకం పెడతా.”

అది సంతకం కాదు. బయటికొచ్చి హర్ష మేనేజరుకు ఫోన్ చేసి, చెప్పిందే మళ్లీ మళ్లీ చెప్పాడు.

“నెల చూద్దామన్నాడు మేనేజరు. అంతవరకు ఈడనే,” అన్నాడు నాతో.

నాకు రోడ్డు మీదే గంతులెయ్యాలనిపించింది. హర్ష మాత్రం దుకాణం మెట్ల మీద కూర్చుని గోడకు తల ఆనించాడు. మళ్లీ జమ్మలమడుగు ఎప్పుడు పోదామని కళ్లు మూసుకునే అడిగాడు. బోణీ అయినాక, మధ్యాహ్నం బస్సుకు పోదామన్నాను. అప్పటికే నిద్రపోయాడు. గిరాకీలు అతని కాళ్లు దాటుకుని లోపలికి పోతున్నారు. సంచి పక్కకు జరిపి నేనూ మెట్టు మీద కూర్చున్నాను.