పసినెత్తి మీద పేల దువ్వెన

గీకింది మీరు. నెత్తురు కనబడగానే "దువ్వెన గీరింది" అన్నదీ మీరే. చేతులున్నవాళ్లు తప్పు చేసి పళ్లున్నదాని మీదికి నెట్టేస్తే నేనెందుకు ఊరుకోవాలి?

నేను ఒక పేల దువ్వెనను. చెక్కదాన్ని. రెండు వైపులా పళ్లు, ఈరు కూడా తప్పించుకోలేనంత దగ్గరగా. నన్ను చెక్కినవాడు పెద్దవాళ్ల జడల కోసమే చెక్కాడు. పూసలమ్మే ఆవిడ గంపలో ఊరూరూ తిరిగాను. బీడీలు చుట్టే భూదవ్వ, గోడ సందులో దాచుకున్న రాలిన వెంట్రుకల ఉండ ఆమె చేతిలో పెట్టి నన్ను తీసుకుంది. ఊడిన జుట్టిచ్చి ఉన్న జుట్టుకు కాపలా కొనుక్కోవడం మనుషులకే చెల్లింది. ఏళ్ల తరబడి ఆ వాడ ఆడవాళ్ల నెత్తులన్నీ నా కిందే. భూదవ్వ కూతురు నవనీతయితే, బడికి పోయే రోజుల్లో నన్ను చూస్తేనే పరుగు.

ఆ నవనీతే తొలి కాన్పుకు పుట్టింటికొచ్చి ఆడపిల్లను కన్నది. నెల తిరక్కముందే పాప నెత్తి మీద పసుప్పచ్చని జిడ్డు పెచ్చులు కట్టాయి. పాపకు దాని బాధే లేదు, పాలు తాగి నిద్రపోయేది. నిద్ర పట్టనిది భూదవ్వకు. మర్నాడే పాపను ఉయ్యాల్లో వేసే తొట్టెల వేడుక. వియ్యాలవారు వస్తారు.

"పుట్టింటోళ్లు పిల్లకు సరిగ్గ నీళ్లు గూడ పోయలేదంటరు" అని గొణుక్కుంటూ పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకుని, ఆ పొడి నెత్తికి నన్ను ఆనించింది.

నా పళ్ల కింద మాడు కొట్టుకుంటోంది. వద్దనడానికి నాకు నోరేది? ఒక్క లాగుడు లాగింది. పెచ్చుతో పాటు పుట్టు వెంట్రుకలూ, చర్మమూ లేచొచ్చాయి. పాప గుక్క పట్టింది.

నవనీత పరుగున వచ్చి నన్ను గుంజుకుంది.

"దువ్వెన గీరింది బిడ్డా."

"దువ్వెనకు చేతులున్నయా అవ్వా?"

నా బతుకులో నా పక్షాన మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే.

"రేపు మీ అత్త ఏమంటదో ఎరికేనా?"

"అననియ్యి. ఇది నా బిడ్డ నెత్తి, నీ వియ్యపురాలి ముందట పెట్టే పళ్లెం గాదు. మురికి గాదని, దానంతటదే పోతదని దవాఖాన నర్సమ్మ చెప్పలే?"

నన్ను గూట్లోకి విసిరింది. పుండైన చోటు ముట్టకుండా, మిగతా పెచ్చుల మీద కొబ్బరినూనె వేలికొసతో రాసింది. అవి నానేదాకా ఆగింది. మెత్తటి పాత చీరగుడ్డ తడిపి తుడిచింది. ఊడింది ఊడింది, ఊడనిది వదిలేసింది. పిల్లల సబ్బుతో జిడ్డు పోయేలా కడిగి, అద్ది ఆరబెట్టింది. గీకిన చేతికి లేని ఓపిక, నానబెట్టిన చేతికి ఎక్కడినుంచి వచ్చిందో చూడండి.

తొట్టెల నాటికి సగం పెచ్చులు అలాగే ఉన్నాయి. టోపీ పెడదామంది భూదవ్వ. నవనీత ఒప్పుకోలేదు. అత్త కనకవ్వ పాపను ఎత్తుకోగానే ఆమె గోరు నేరుగా నెత్తి మీదికి పోయింది.

"ఇదేంది వదినె, పిల్లకు తానం పోస్తలేరా?"

నవనీత నోరు తెరిచేలోపే భూదవ్వ ఆ చెయ్యి పట్టుకుంది.

"పోస్తున్నం. గోరు తియ్యి వదినె. నువ్వేమంటవో అని నిన్న నేనే గీకిన. గదిగో పుండు. మల్ల నువ్వు గీకకు."

కనకవ్వ పుండు వంక చూసింది, తన గోరు వంక చూసుకుంది. చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది.

"నూనె గిన్నె ఏడున్నది?" అంది.

కొన్ని వారాలకు ఆ నెత్తి నున్నబడింది. నేనింకా ఆ గూట్లోనే ఉన్నాను, పళ్లు ఊడి, దుమ్ము పట్టి. నాకు దిగుల్లేదు. కానీ మీ గూట్లోనూ నాలాంటిదొకటి ఉంటుంది. ఇప్పుడే లేచి దాన్ని పసిబిడ్డకు దూరంగా పెట్టండి. నూనె తీయండి, మెత్తటి గుడ్డ తీయండి, ఆగడం నేర్చుకోండి. ఎర్రబడినా, రసి కారినా, ఒంటికి పాకినా డాక్టరు దగ్గరికి నడవండి. బాలింతను మురికిదని ఆడిపోసుకోవడం ఈ పూటతో ఆపండి.

అన్నిటికంటే ముందు, ఆ గోళ్లు కత్తిరించుకోండి.