ఆకులు పెట్టని గుంతలు

"ఈ నేల శుభ్రంగా ఉంది" అని ఇంజనీరు రినాల్దో మైకులో చదవగానే మా యానాపాటా ఊరి జనమంతా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అది తలచుకుంటే ఈ చేతుల్ని ఎక్కడ దాచుకోవాలో ఇప్పటికీ తెలియదు.

సీసం కరిగించే ఫ్యాక్టరీ మూతపడి తొమ్మిదేళ్ళయింది. ఊళ్ళో పనుల్లేవు. ఆ ఆవరణలో నలభై ఇళ్ళూ, ఒక బడీ కడతానని ఓ కంట్రాక్టరు వచ్చాడు. నేలలో విషం లేదని కాగితం ఉంటేనే కట్టనిస్తారు. పరీక్షకి మట్టి తవ్వడానికి ఊరివాణ్ణి వెతికారు. కొలిమి దగ్గర ఇరవై ఏళ్ళు పనిచేసిన తోరీబియో దొరికాడు. అది నేనే.

కంట్రాక్టరు నాకు కాపలా పని ఇస్తానన్నాడు. అందుకు నేను తూర్పు మూల జోలికి పోకూడదు. లారీలతో ఏటి మట్టి తెచ్చి పోసినచోటే తవ్వాలి. తవ్వాను తమ్ముళ్ళూ. ఇంజనీరు ఆ కొత్త మట్టి చూశాడు. చూసి, టోపీ సర్దుకుని, సంచుల మీద నంబర్లు రాసుకున్నాడు.

చప్పట్లు ఆగాక బాసిలియా వదిన లేచింది. నాతోపాటు కొలిమిలో పనిచేసి, రక్తం కక్కుకుని పోయిన మెలితోన్ భార్య.

"ఏం మరిదీ, పొద్దున మేం ఆడోళ్ళం కంచె దూరి పోయి నీ గుంతలన్నీ మళ్ళీ తోడి చూశాం. ఒక్కదాంట్లోనూ ఆకు లేదేం?"

మావైపు నేలలో పార దించే ముందు మేం రోజూ నమిలే కోకా ఆకులు మూడు పెట్టి భూతల్లిని అనుమతి అడుగుతాం. దుంప నాటినా అంతే, శవాన్ని పూడ్చినా అంతే. మా కొండల చలికి ఆ ఆకు ఏడాదైనా కుళ్ళదు. ఆ రోజు నా సంచీలో ఆకులున్నాయి. తీయడానికి చెయ్యి రాలేదు. అబద్ధం చెప్పడానికి అమ్మనే అనుమతి ఎలా అడుగుతాం?

ఇంజనీరు నవ్వాడు. "ఆకుల్లేకపోతే పరీక్ష చెల్లదా అవ్వా?"

"మీ పరీక్షకి అక్కర్లేదులే బాబూ. మా ఆయన గొయ్యి తవ్వినప్పుడు కూడా ఏడుస్తూనే ఆకులు పెట్టాడు వీడు. ఇప్పుడు పెట్టలేదంటే, ఆ గుంతల్ని వీడే నమ్మట్లేదు."

వడ్రంగి ఇలారియో విసురుగా లేచాడు. "ఊరుకో అక్కా! వచ్చిన పనీ పోగొడితే ఏం తినమంటావ్, రాళ్ళా?"

"మట్టి తిందువుగానిలే, సీసం నంజుకుని!" అని వెనకనుంచి ఎవరో ఆడమనిషి అరిచింది. అందరూ ఒక్కసారిగా మాట్లాడటం మొదలెట్టారు. నేను తేలు కుట్టిన దొంగలా బెంచీకి అతుక్కుపోయాను.

వదిన గొంతు తగ్గించింది. "నా మనవరాలి రక్తంలో సీసముందని డాక్టరు చెప్పాడు. ఆ బళ్ళో కూర్చోబోయేది అదే. నన్ను కాదు, దాన్ని తలుచుకుని చెప్పు."

"తూర్పు మూల" అన్నాను. "సీసం కరిగించగా కొలిమిలో మిగిలిన చిట్టెమంతా అక్కడుంది. పూడ్చింది నేనూ, మెలితోనూ."

ఎవరూ నన్ను కొట్టలేదు. కొడితే బావుండేది. జనమంతా లేచి ఫ్యాక్టరీ వైపు నడిచారు. ఇలారియో దారంతా నన్ను తిడుతూనే ఉన్నాడు, గేటు తాళం మాత్రం తన సుత్తితోనే పగలగొట్టాడు.

తూర్పు మూలలో నా చేతికి పార ఇచ్చారు. నేను ఆకులు తీసి వదినకివ్వబోయాను.

"నువ్వే పెట్టు."

"నన్ను క్షమించావా వదినా?"

"లేదు. తవ్వు."

మోకాటి లోతులో నల్ల చిట్టెం బయటపడింది. ఒక సంచీ నింపేలోపే పోలీసు జీపు వచ్చింది. డ్రైవరు పక్కన కంట్రాక్టరు కూర్చునున్నాడు. ఇనస్పెక్టరు సంచీ లాక్కుని నా కాలరు పట్టుకున్నాడు. దొంగచాటుగా తవ్వానట! ఊరంతా చూస్తుండగా చేసిన పని నా బతుకులో అదొక్కటే.

బాసిలియా వదిన తన శాలువా విప్పి నేలమీద పరిచింది. పారతో మట్టి ఎత్తి అందులో పోసి మూట కట్టింది. ఆమెను చూసి మిగతా ఆడవాళ్ళూ శాలువాలు విప్పారు.

"పట్నంలో చదివే యూనివర్సిటీ పిల్లలకి పంపుదాం, వాళ్ళు పరీక్ష చేస్తారు" అంది. తర్వాత ఇనస్పెక్టరు వైపు తిరిగింది. "ఈ మట్టంతా మీ స్టేషన్లో పడుతుందా సార్?"

నన్ను జీపులోకి తోశారు. తల ఎత్తడానికి సిగ్గేసింది, అయినా ఎత్తి చూశాను. ఇలారియో నా పార అందుకుని పక్కనే ఇంకో గుంతకి చోటు చూసుకుంటున్నాడు. మొదటి దెబ్బ వేయబోయి ఆగాడు. టోపీ తీసి, జేబులోంచి మూడు ఆకులు తీశాడు.